కొండెక్కిన కుప్పమ్మ

హార్స్లీ హిల్స్,
బుధవారం.

చంద్రగిరిలో ఉండే మా చంద్రకాంతక్కకు, కొండమీద నుంచి చెల్లెలు కుప్పమ్మ రాసుకునేది.

మేమీడ బాగుండాము. ఫోను చేయలేదని కోపం పెట్టుకోవద్దు. వచ్చిన రోజే నా ఫోను ఒక కోతి ఎత్తుకోని నీలగిరి చెట్టెక్కింది. మా ఆయన ఫోనుకు ఈడ సిగ్నలు నిలవదు. అందుకే పోస్టులో రాస్తాండా.

చెప్తే ఆపుతావని నీకు చెప్పలేదు. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరైన వారానికే తిరుపతి ఇల్లు వదిలి, ఈడొక గది బాడిగకు తీసుకున్నాం. ఇద్దరికీ చెరొక వీపుసంచి. బట్టలు, గిన్నెలు, గుడారం అన్నీ దాంట్లోనే. తెల్లారితే నడక. వచ్చే వారం అడవిలో గుడారమేసుకోని పండుకుంటాం. ఆ తర్వాత తలకోన.

చిన్నప్పుడు మనం కోట వెనక కొండెక్కి, కలేపండ్లు తిని నోరంతా నల్లగా చేసుకోనొస్తే నాయన వాకిట్లోనే నిలబెట్టినాడే, ఈడ గాలి తగిలితే అదే గుర్తొస్తాది. పెండ్లయినాక నేనెక్కిన ఎత్తు మా మిద్దె ఒక్కటే, వడియాలు ఎండబెట్టేదానికి.

నీ చెల్లెలు
కుప్పమ్మ

తా.క. మా ఆయనకు ఈ కొండ బాగా నచ్చినట్టుండాది. బండమీద నిలబడితే నోట మాటే రాదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. పెండ్లయిన కొత్తలో కూడా అట్ల పట్టుకోలేదు.

•

చంద్రగిరి,
సోమవారం.

చెల్లెలు కుప్పమ్మకు, అక్క ముందు దీవించి, తర్వాత తిట్టి రాసేది.

మూడు ఫ్యాన్లుండే ఇల్లు పెట్టుకోని గుడారంలో పండుకుంటారా? ఇల్లేమైనా పోగొట్టినాడా మీ ఆయన? నిజం చెప్పు. సంచి వీపుకేసుకోని కొండలెంబడి తిరిగేదానికి నీకేం కర్మ? బస్సు తోలినంత కాలం కుదురుగానే ఉండె గదా ఆ మనిషి. ఎదురింటి చెంగమ్మ అడిగితే మీరు ఊటీలో ఉండారని చెప్పి మర్యాద కాపాడినా.

మావాడు మునికృష్ణ తెలిసిన లారీలో మడతమంచం పంపిస్తాండాడు. దాన్నీ వీపుకు కట్టుకోమంటాడు మీ ఆయన. ఒప్పుకోవద్దు.

అక్క
చంద్రకాంతమ్మ

తా.క. పోయిన వారం నీ ఫోనుకు చేస్తే ఎవరో ఎత్తినారు. పలక్కుండా గుర్రుమంటే మీ ఆయనే అనుకోని, లైను తెగేదాకా తిట్టినా. కోతి సంగతి నీ ఉత్తరం చూసినాక తెలిసింది. అయినా తిట్టిందాంట్లో తప్పేం లేదు.

•

హార్స్లీ హిల్స్,
శుక్రవారం.

కోపంలో ఉండే అక్కకు కుప్పమ్మ దండాలు.

మంచం చేరింది. కోతులు పండుకుంటాండాయి. ఇల్లు యాడికీ పోలేదు, బాడిగకిచ్చినాం.

ఇంగొక సంగతి. ఈడ గ్రేసీ అని కాలేజీ వయసు పాప ఒకతె కొండలెక్కేది, దిగేది నేర్పిస్తాది. వచ్చే నెల మొదటి ఆదివారం మేము పెద్ద బండ దిగుతాం. నా నడుముకు తాడు కడతారు. రెండో కొన మా ఆయన పట్టుకుంటాడు. నేను పక్కకు పోతే లాగుతాడు.

నీకు పెండ్లయి పోయినాక నన్ను ఒక్కదాన్నే కొండకు పోనీలేదు నాయన. నువ్వు పుట్టింటికొచ్చినప్పుడు బజార్లో కలేపండ్లు కొని తెచ్చినావు. నేను తినకుండా ఏడిస్తే పులుపనుకున్నావు. నేనేడ్చింది కొండకోసం అక్కా.

కుప్పమ్మ

తా.క. తాడు గురించి భయపడొద్దు. బావిలో పడిన ఆవును దాంతోనే పైకి లాగినారంట.

•

చంద్రగిరి,
గురువారం.

కుప్పమ్మకు. ఈసారి దీవెన లేదు.

ఆవుకు కట్టిన తాడు నీ నడుముకు కట్టి, కొన ఆయన పట్టుకుంటాడా? ఇన్నేండ్లు వంటింటికి కట్టేసింది చాల్లేదా? ఆ ఆదివారం పొద్దున్నే జీపు మాట్లాడుకోని నేనూ మునికృష్ణా వస్తాండాం. కత్తిపీట కూడా తెస్తాండా, తాడు కోసేదానికి. నిన్ను దింపుకోనే పోయేది. నీకేమన్నా అయితే నాకింగ ఎవరుండారే?

చంద్రకాంతమ్మ

తా.క. ఘాట్ రోడ్డులో నాకు కడుపు తిప్పుతాదని నిమ్మకాయలు పెట్టుకున్నా. మీ ఆయనకు ఒక్కటీ ఇయ్యను.

•

హార్స్లీ హిల్స్,
మంగళవారం.

వదినగారికి మరిది పరంధామయ్య దండాలు పెట్టి, కుప్పమ్మకు తెలియకుండా రాసేది.

మీ తిట్లన్నీ ఆమె నాకు చదివి వినిపించి నవ్వుతాది. తిట్టండి, నాకేం బాధ లేదు. కానీ ఈ కొండకు తెచ్చింది నేను కాదు. ఆమె.

రిటైరైన రోజు ఏం కావల్లో అడగమన్నా. గాజులు అడుగుతాది అనుకున్నా. "నువ్వు రోజూ తిరుమల కొండెక్కి దిగినావు. నాకూ కొండ కావల్ల. బస్సు అద్దంలోనుంచి కాదు, కాళ్ళతో" అనింది. కాదనేదానికి నాకు మనసు రాలేదు.

ఇంగొకటి, ఎవరికీ చెప్పొద్దు. చేతిలో స్టీరింగుంటే నాకు ఎంత మలుపైనా లెక్కలేదు. కాళ్ళమీద నిలబడి లోయ చూస్తే కండ్లు తిరుగుతాయి. నోట మాట రానిది అందుకే. చెయ్యి పట్టుకుంటే ముచ్చటనుకుంటాది. అనుకోనీ. నిజం చెప్తే ఆ పూటే మూట కట్టి దిగిపోదామంటాది. పొద్దున్నే బూట్లు కట్టుకుంటా కూనిరాగం తీస్తాది వదినా. ఇన్నేండ్లలో నేను ఆ గొంతు వినలేదు.

నిన్న గాలిబండ మీద నిలబడి "అక్కా" అని కేకేసింది. ఎవర్ని పిలుస్తాండావంటే, "కొండెక్కితే ముందర అక్కుంటాది గదా, నోటికొచ్చేసింది" అనింది.

అందుకే జీపులో తప్పకుండా రండి. దింపుకోని పోయేదానికి కాదు, ఆమె ముందర నడిచేదానికి. మీకూ ఒక జత బూట్లు కొని మంచం కింద దాచిపెట్టినా.

మీ రాకకు ఎదురుచూస్తాండే
పరంధామయ్య

తా.క. జీపు తిరిగి పోయేటప్పుడు మీ సీటు ఖాళీగా ఉంటాది గదా. అది నాకిమ్మని మునికృష్ణకు చెప్పండి. మదనపల్లె దాకా చాలు. రెండు దినాలు చదును నేలమీద నడిచి మళ్ళొస్తా.