గుమ్మంలో పట్టని విమానాశ్రయం

మార్చి 4
గాలిసంచి పూర్తయింది. రన్‌వే చివర గుంజకి కట్టి ఉంటుందే, గాలి ఎటు వీస్తోందో పైలట్‌కి చెప్పేది, అది. పాత సిల్కు రుమాలులోంచి బియ్యపు గింజంత ముక్క కత్తిరించి సూదికి కట్టాను. షాపులో కళ్ళజోళ్ళకి బుల్లి స్క్రూలు బిగించే చేతులు కదా, మొదటిసారికే కుదిరింది. కానీ ఊరికే వేలాడుతోంది. దుమ్ము పడుతుందని ఈ గదిలో కిటికీలు తియ్యను, ఫ్యాన్ వెయ్యను. నా మోడల్ ఎయిర్‌పోర్టులో గాలనేదే లేదు. నేనే ఊదబోయి ఆగిపోయాను. అది దొంగాట.

మార్చి 9
అక్క ఫోన్. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మొదలుపెట్టింది. జన్మలో విమానం ఎక్కనిదానివి, నీకు విమానాశ్రయం ఎందుకే అంది. కట్టేవాళ్ళంతా ఎక్కుతారా అన్నాను. ఒకప్పుడు ఈ గదిలో మా ఇద్దరి మంచాలు ఉండేవి. తన మంచం ఉన్నచోట ఇప్పుడు టెర్మినల్ ఉంది. ఆ సంగతి చెప్పలేదు. ఓసారి వచ్చి చూడవే అని కూడా అనలేకపోయాను.

మార్చి 19
మోడల్ క్లబ్ సెక్రటరీ ఫోన్ చేశాడు. నేను పంపిన ఫోటోలు నచ్చాయట. ఎగ్జిబిషన్‌లో పెడతారట! మధ్య టేబుల్ నాదేనట! సంతోషంలో షాపులో ఒకాయనకి ఇంకొకరి కళ్ళజోడు ఇచ్చి పంపేశాను. ఆరేళ్ళుగా కడుతున్నాను. నేను తప్ప ఇంకో మనిషి చూసింది లేదు.

మార్చి 20
గుమ్మంలో పట్టదు.

మార్చి 21
పక్కకి వాల్చి తీసుకెళ్దామంటే అన్నీ రాలిపోతాయి. ఒకే చెక్క మీద, గదిలోనే కూర్చుని కట్టేశాను. విమానాల రెక్కలు మిల్లీమీటర్లలో కొలిచిన మహాతల్లికి గుమ్మం కొలవాలని తోచలేదు. చేతులు కాలాక వడ్రంగిని పిలిచాను. రెండు ముక్కలు చెయ్యాలమ్మా, వేరే దారి లేదు అన్నాడు. రన్‌వేకి అడ్డంగా పెన్సిల్ గీత గీశాడు. రంపం తీసేసరికి నాకు ఏడుపొచ్చింది. వద్దన్నాను. అతను సరేనని, ఆ దీపాలు వెలుగుతాయా అమ్మా అని అడిగాడు. వెలుగుతాయన్నాను. వేసి చూపించలేదు. అతను వెళ్ళాక నన్ను నేనే తిట్టుకున్నాను.

మార్చి 23
కొయ్యకపోతే ఎలాగండీ, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు సెక్రటరీ. మధ్య టేబుల్ ఎవరో రైల్వేస్టేషన్ కట్టినాయనకి ఇచ్చారట. రైళ్ళట! అరికాలి మంట నెత్తికెక్కింది.

మార్చి 27
వీధి తలుపుకి కాగితం అంటించాను. విమానాశ్రయం చూడ్డానికి ఆదివారం రండి, అందరూ రావచ్చు అని రాశాను. సిగ్గేసి పీకేశాను. మళ్ళీ అంటించాను. ఇంట్లో టీ కప్పులు రెండే. ఒకదానికి పిడి లేదు. కొత్తవి ఆరు కొన్నాను.

మార్చి 30, ఆదివారం, సాయంత్రం నాలుగు
ఎవరూ రాలేదు. ఒకతను కాగితం చదివి, తలెత్తి ఇల్లు చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ తాగని కప్పులు కడిగి బోర్లించాను. నాకు ఒంటరిగా ఉంది. ఈ మాట ఇక్కడ కూడా ఎప్పుడూ రాయలేదు.

అదే రోజు, ఏడు
ఇస్త్రీ చొక్కాలో ఎవరో వస్తే గుర్తుపట్టలేదు. వడ్రంగి. దారిలో పోతూ కాగితం చూశాడట. భార్యనీ అత్తగారినీ వెంటబెట్టుకొచ్చాడు. గదిలో లైటు ఆర్పి రన్‌వే దీపాలు వేశాను. అత్తగారు చెక్కకి గడ్డం ఆనించి, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆవిడ ఊపిరికి గాలిసంచి లేచింది.