ఆరో చప్పుడు

జూన్ 4, 2012

ఈరోజు నుంచి తప్పకుండా రాయాలి. తాత రివాల్వర్ ఏ రకమో, ఎక్కడిదో ఈ నెలాఖరులోగా తేలకపోతే దాన్ని కరిగించేస్తారు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే.

తాత సాంబయ్య పోయి మూడు నెలలు. నిన్న ఆయన రేకు పెట్టె తెరిస్తే పాత ధోవతిలో చుట్టి ఉంది. నాయన భయపడి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాడు. ఎస్సై మంచివాడు. మ్యూజియం వాళ్లు కావాలని కాగితం రాసిస్తే వాళ్లకే ఇస్తానని, ముప్పై వరకు ఆగుతానని అన్నాడు.

అప్పగించే ముందు దాని మీది గుర్తులపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుకున్నాను.

జూన్ 7

నాచారం చౌరస్తా నెట్ సెంటర్‌లో రెండు గంటలు. కోడిగుడ్డు ఆకారంలో గీత, లోపల ఈఎల్‌జీ. టీవీ కంపెనీదేమో అని మా అన్నయ్య విక్రమ్ ఎగతాళి చేశాడు. కాదు. బెల్జియంలో లీజ్ అనే ఊళ్లో తుపాకులను పరీక్షించి వేసే ముద్ర. పొట్టి గొట్టం, ఐదు గుండ్లు. బుల్‌డాగ్ రకం. వందేళ్ల పైమాటే.

నాయనమ్మకు చెప్పాను. ఆ ఊరు మోత్కూరుకు ఇవతలా అవతలా అని అడిగింది.

జూన్ 8

ఐదు గుండ్లే.

జూన్ 11

మ్యూజియం అరుణకుమారి మేడంకు ఫోన్ చేశాను. వస్తువు సరేనంది. దాని సంగతి మాత్రం ఎక్కడా తేడా లేకుండా రాసి పంపమంది.

తేడా ఉంది. రజాకార్లు ఊరి మీదికి వస్తుంటే జొన్నచేలో దాక్కుని ఆరుసార్లు కాల్చానని, ఆరో చప్పుడుకు వాళ్లు వెనక్కి తిరిగారని తాత చెప్పేవాడు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కో వేలూ మడిపించేవాడు. నాకు అంకెలు వచ్చింది అలాగే. మళ్లీ నింపడానికి అప్పుడు తాత దగ్గర వేరే గుండ్లు లేవని నాయన అంటున్నాడు.

తాత అబద్ధమాడాడని రాయాలా?

జూన్ 12

నాయనమ్మను అడిగాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నవ్వింది.

"ఆరోది నాది బిడ్డా. మంచె మీద రాళ్లిసిరి పిట్టలు కొడుతున్న. వడిసెల తాడు ఫట్టుమని జాడిచ్చిన. ఇంకో తుపాకి ఉందనుకొని ఉరికిన్రు."

అప్పటికి వాళ్లకు పెళ్లి కూడా కాలేదట. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదన్నాను.

"ఆరు అన్నప్పుడల్లా మీ తాత నా దిక్కు సూసెటోడు. గది సాలదా?"

చూసేవాడేమో. నేను వేళ్ల వైపే చూసేదాన్ని.

జూన్ 14

ఈరోజు పోస్ట్ చేసిన ఉత్తరం చివర:

"ఐదు చప్పుళ్లు సాంబయ్యవి. ఆరోది వెంకటనర్సమ్మది. వస్తువు వివరం రాసే చీటీ మీద ఇద్దరి పేర్లూ ఉండాలని మనవి. పాత వడిసెల లేదు. రివాల్వర్ పక్కన పెట్టడానికి మా నాయనమ్మ కొత్తది పేనుతోంది. దయచేసి జూన్ 27లోగా జవాబు రాయగలరు."