నాన్న నీలం చొక్కా

శాంతీ,

అన్నం, చారు మూతపెట్టి ఉంచాను. చారు వేడి చేసుకుని తిను. కొక్కేనికి ఉన్న మీ నాన్న నీలం చొక్కా మాత్రం ఉతకకు. అక్షరాలు వెలిసిపోతాయట. వచ్చే వాయిదాకి అదే మన సాక్ష్యమని మన వకీలమ్మ మరీ మరీ చెప్పింది.

నిన్న ఛత్రపూర్ కోర్టులో రేకుల కంపెనీ వకీలు లేచి, ఈ అప్పయ్య మా ఫ్యాక్టరీలో ఎన్నడూ పనిచేయలేదు, ఆస్బెస్టాస్ పొడి పీల్చనే లేదు, ఆ దగ్గు బీడీల దగ్గని వాదించాడు. అప్పుడు మీ నాన్న ఒంటి మీద ఉన్నది కంపెనీ వాళ్ళు సన్మానం చేసి ఇచ్చిన చొక్కాయే. మంచిది అదొక్కటే కదా! జేబు మీద కంపెనీ పేరు, వీపు మీద ‘మా కార్మికుడే మా బలం’ అని ఉంది. జడ్జిగారు చూసి ఇదేమిటని అడిగారు. వకీలు తడుముకోకుండా, బజారులో కొనుక్కున్నాడేమో అన్నాడు.

మీ నాన్న దగ్గు ఆపుకుని, "ఔను బాబూ, కొన్నాను. నా ఊపిరితిత్తులిచ్చీసి కొన్నాను. రసీదే ఇయ్యనేదు" అన్నాడు.

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు నవ్వలేదు. కంపెనీ ఖర్చుతో పెద్దాసుపత్రిలో ఛాతీ పరీక్ష చేయించమన్నారు. అందుకే ఇద్దరం బరంపురం బస్సెక్కుతున్నాం. కోడిపెట్టను గంప కింద మూసెయ్యి.

అమ్మ

ఇంకో మాట. వకీలమ్మ నన్ను కూడా పరీక్ష చేయించుకోమంది. ఇన్నేళ్ళూ ఆ పొడి పట్టిన పనిబట్టలు దులిపి ఉతికింది నేనే కదా. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. తెలిస్తే తన పరీక్ష మానేసి, ముందు నన్ను చూడమంటాడు.