వెనక అర మీది పచ్చజొన్నలు

ఏప్రిల్ 14, 2024

నా భార్య రచనకు కొత్త పిచ్చి పట్టింది. ఆమెకు పిచ్చి పడితే ఇంటిల్లిపాదికీ పట్టినట్టే. పాలమూరు అవతల, వాన మొహం చూడని ఎర్రనేలల తిండికి ‘ఎడారి పళ్ళెం’ అని పేరు పెట్టింది. సంతోష్‌నగర్‌లో మా మేడ మీద నలభై మందికి డిన్నర్ అట. ఇన్‌స్టాలో పోస్టర్ కూడా వేసేసింది. మెనూలో మొదటి ఐటెమ్ పచ్చజొన్న రొట్టె. మూడు తరాల ధాన్యం వ్యాపారం, గుప్పెడు మంచి పచ్చజొన్నలు తేలేవా నిఖిలేష్ అని ఎద్దేవా చేసింది. అఫ్జల్‌గంజ్ అంతా తిరిగాను. ఎక్కడా లేవు. మా గోదాములో ఉన్నవి మూడేళ్ళ నాటివి, పిండి చేదు.

ఏప్రిల్ 18

దొరికాయి! మా కొట్లోనే, వెనక అర మీద, గుడ్డసంచిలో ఆరేడు కిలోలు. నిండా బూడిద, ఎండిన వేపాకు. మా నాన్న, మా బాపు, మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచాన పడ్డప్పటి నుంచి కొట్టు ఎంత మురికిపట్టిపోయిందో. మూడుసార్లు కడిగించి, ఎండబోయించి, మర పట్టించాను.

ఏప్రిల్ 22, పొద్దున 7

నిన్నటి డిన్నర్ సూపర్ హిట్. ఒకావిడ రొట్టె తుంచి కళ్ళు మూసుకుని, మట్టి రుచి తెలుస్తోందంది. మా తాతల నాటి రకం అని కోతలు కోసేశాను. అందరూ నమ్మారు.

ఏప్రిల్ 26

బాలమ్మ విత్తనాలకు వేపాకు మార్చినవా అని అడిగాడు బాపు. ఏ విత్తనాలు అన్నాను. గా వెనక అర మీద గుడ్డసంచి లేదారా, గవే, అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పాలమూరు అవతలి ఆ ఎర్రనేలల ఊళ్ళ వాళ్ళు కోతలు కాగానే విత్తనం తెచ్చి మా కొట్లో పెట్టేవారట. ఇంట్లో ఉంటే ఎండాకాలం ఆకలికి ఆగలేక వండుకుని తినేస్తామని భయం. పురుగు పట్టకుండా బూడిద కలిపి ఇస్తారు, మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజున, వచ్చి తీసుకుపోతారు. గిది మీ తాత పెట్టిన రివాజు, మనం ఉపాసమున్నా గా సంచి ముట్టద్దు, అన్నాడు. ఇప్పుడు మిగిలింది బాలమ్మ ఒక్కతే. ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదట.

మార్చాను బాపూ అన్నాను.

మే 3

నిద్ర బాగానే పడుతోంది. అదే ఆశ్చర్యం.

మే 29

మొలుస్తాయో లేదో చూద్దామని గోదాములోని పాత జొన్నలు వంద లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టాను.

జూన్ 2

ఏడు మొలిచాయి. ఏడంటే సున్నా కాదు కదా.

ఇవే బాలమ్మకు ఇస్తానంటే రచన మాత్రం, నిజం చెప్పి సారీ అడుగుదాం, వేరే సీడ్ కొనిద్దాం అంది. చెబితే బాపుకు తెలుస్తుంది. తెలిస్తే ఇక నన్ను కొట్లో గద్దె మీద కూర్చోనివ్వడు. ఎవరి డిన్నర్ వల్ల వచ్చింది ఈ లొల్లి అని అడిగాను. ఫోన్ తీసుకుని మేడ మీదికి పోయింది.

జూన్ 8

మిరుగం. బాలమ్మ మొదటి బస్సుకే దిగింది. అరవై దాటిన మనిషి, పుల్లలాంటి చేతులు. నిన్ననే పాత జొన్నలకు బూడిద, వేపాకు కలిపి అదే సంచిలో పోసి ఉంచాను. విప్పి చూస్తుందేమోనని నాకు చెమటలు పట్టాయి. చూడలేదు. పెద్ద సేటు కొట్ల పెట్టినంక చూసుడేంది బిడ్డా అంది.

బాపుకని కాకరకాయ వరుగులు తెచ్చింది. సాయంత్రం వేయించుకుని తిన్నాం. బాగున్నాయి.

జూన్ 27

బాలమ్మ ఫోన్. వాన పడంగనే ఏసిన బిడ్డా, పన్నెండొద్దులాయె, మొలక లేదు, ఆడొకటి ఆడొకటి ఉన్నదంతే, అని ఏడ్చింది. మళ్ళీ తనే, నీ తప్పేం లేదు బిడ్డా అంది. ఉందని నేనెక్కడన్నాను?

మొలక రాలేదని బాపుకు చెప్పక తప్పలేదు. యాభై ఏండ్లల్ల మన కొట్ల పెట్టిన విత్తనం ఎన్నడు తప్పలే, ఇగ ఆమె చెయ్యే చెడ్డదైంది, అన్నాడు. బాపు ఒక మనిషిని అంత మాట అనగా నేనెప్పుడూ వినలేదు. అయినా ఊఁ కొట్టాను.

జూలై 11

బాలమ్మ వచ్చింది. కొట్టు మెట్ల మీద కూర్చుని అంతా చెప్పుకుంది. వాళ్ళ ఊళ్ళో ఎవరి చేలో విత్తనం వేయాలన్నా మొదటి గుప్పెడు ఆమె చేతే వేయించేవారట. ముప్పై ఏళ్ళ నుంచీ అదే. చెయ్యి మంచిదని పేరు. ఈసారి వాన పడగానే మొదట తన చేలోనే వేసుకుంది. అది మొలవకపోవడం చూసి మిగతావాళ్ళు, నువ్వు రాకు బాలమ్మా అన్నారట. కోడలు బియ్యం డబ్బా కూడా ముట్టనివ్వడం లేదట. నా చెయ్యికి ఏం పాపం తాకిందో బిడ్డా అని అరచెయ్యి నాకు చూపించింది. ఊళ్ళ ఉండలేను, కొట్ల ఏదన్న పనియ్యి అంది.

నిజం నోటిదాకా వచ్చింది. ఇంతలో కస్టమర్ వచ్చాడు. అతను వెళ్ళాక చెప్పాలనిపించలేదు. పైగా గుండె తేలికైంది. సిగ్గుమాలిన మాటే, కానీ నిజం. నింద పడాల్సిన చోటు కాకుండా ఇంకోచోట పడి స్థిరపడిపోయింది. సరే, సోమవారం నుంచి రా అన్నాను. నా కాళ్ళకు దండం పెట్టబోయింది. వద్దన్నాను, కానీ కాస్త ఆలస్యంగా.

జూలై 13

రెండో డిన్నర్‌కు పోస్టర్ వేసింది రచన. గంటలో ఫుల్.

జూలై 15

బాలమ్మ పనిలో చేరింది. తన చెయ్యి తగిలితే సేటు సరుకు చెడిపోతుందట. కుడిచేతికి పాలిథిన్ కవర్ కట్టుకుని జొన్నలు చెరుగుతోంది. మధ్యాహ్నానికి అది చిరిగింది. కొత్త కవర్ల కట్ట తెచ్చి ఇచ్చాను.