పాప గుండు ఊరికెందుకు

7 జూన్ 2009, ఆదివారం

కోడలు సుజాత నంద్యాల నుంచి పాపను తెచ్చి దించింది. మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్లిపోయింది. పాప నా తువ్వాలు తలకు చుట్టుకుంది. అన్నం దగ్గర కూడా తీయలేదు. పోయిన వారం యాగంటిలో గుండు చేయించారు... విషజ్వరం వచ్చినప్పుడు మొక్కుకున్నది నేనే. ఆ పొద్దు గుండుకు గంధం పూస్తుంటే నవ్వింది. ఇప్పుడీ తువ్వాలు ఎందుకు?

"ఏందిమ్మా?"

"ఏం లే అబ్బా." తాతను అబ్బా అనే పిలుస్తుంది.

8 జూన్

చెప్పింది. నా కొడుకు ప్రసాదు ఆ గుండు ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. మంగలి కత్తికి భయపడి ఏడ్చింది ఒకటి. ముక్కు కారుతున్నది ఒకటి. జ్వరంలో పక్క తడిపిన సంగతి కూడా కింద రాశాడంట. క్లాసు పిల్లలు చూశారు. వీధిలో కనపడితే పాట కట్టి పాడుతున్నారు.

కన్నతండ్రి వీడు.

9 జూన్

అంగట్లో ఫోన్ అడిగి చేశాను.

"తీసేయ్‌రా."

"నువ్వు గూడా ఏంది నాయనా. కువైట్‌లో ఉండే మనోళ్లంతా బాగుంది, బాగుంది అంటాండారు."

"మొక్కుకున్యది వాళ్లా?"

"కాలం మారింది..."

పెట్టేశాను. తలనీలాలు దేవుడికి ఇచ్చాం. కువైట్‌కు కాదు.

11 జూన్

బస్టాండు మలుపులో ఫ్లెక్సీ కూడా కట్టించాడంట. విత్తనాలకు నంద్యాల పోయొచ్చిన వాళ్లు చెప్పారు. చెప్తూ నవ్వారు.

12 జూన్

పోయాను. మనిషెత్తు గుండు. కింద వరసగా మా ఇంటి మగవాళ్లు. చివర్న నేను, మీసంతో, చేతులు జోడించి. నేనెప్పుడు జోడించాను? ఎవరి చేతులో తెచ్చి అతికించారు.

సంచిలో కొడవలి తీసి కట్లు కోశాను. ఒక ఆటోవాడు అడ్డం వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఎవురిది కోస్తాండావ్?"

"నాదే. మొగం చూసుకో."

చూసుకున్నాడు. పక్క తాడు వాడే విప్పాడు.

బస్సులో దానికి కూడా టికెట్ అడిగారు. కొట్టించాను. ఇంటికి తెచ్చి గడ్డివామి మీద కప్పాను, బొమ్మ కిందికి. గట్టి గుడ్డ. వానకు ఆగుతుంది.

13 జూన్

అంగడి ఫోన్‌కు ప్రసాదు.

"నా పరువు తీసినావు నాయనా. బస్టాండంతా నవ్వుతాండారు."

"పాపది తీసినావు గదా. నీది పోతే ఏం?"

ఫ్లెక్సీ అంటే కొడవలికి అందింది. ఇంటర్నెట్‌లోది అందదు. ఆ మాత్రం నాకూ తెలుసు. అందుకే చెప్పాను – అది తీసేదాకా పాప ఈడే ఉంటుంది. బడి తెరిచినా సరే.

15 జూన్, సోమవారం

బడి తెరిచారు. ఇక్కడి బడిలో చేర్చుకోమని అడిగాను. పాత బడి కాగితం కావాలంట. అది వాడి దగ్గర. పాప వాకిట్లో కూర్చుని, పోయే పిల్లలను చూస్తోంది.

"నంద్యాలకు పోతావామ్మా?"

"తీసేసినాడా?"

"లే."

"అయితే పోను."

నా మనవరాలు.

17 జూన్

సుజాత ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడింది. "పంపొద్దు మామా. నేను చెప్తే ఇనడు. నువ్వన్నా గట్టిగా ఉండు."

ఉండకేం. కానీ పిల్లకు చదువు పోతోంది... ఆ సంగతి ఆమెతో అనలేదు.

20 జూన్

ప్రసాదు వచ్చాడు. మిఠాయి పొట్లం తెచ్చాడు. గడప బయటే నిలబెట్టాను.

"తీసేసినా నాయనా. అమ్మతోడు. ఒక్కటి గూడా లేదు. తప్పయింది."

కంట్లో నీళ్లు. పాప తలుపు చాటు నుంచి వచ్చింది, తువ్వాలు లేకుండా. తల మీద గరిక మొలిచినట్టు వెంట్రుకలు. పోయి వాళ్ల నాయనను కరుచుకుంది. పోనీలే, తీసుకుపో అనబోయాను.

ఒక చేత్తో పాపను పట్టుకునే, రెండో చేత్తో జేబులో ఫోన్ తీశాడు.

"నువ్వు గూడా ఇట్ల రా నాయనా. ముగ్గురం ఒకటి."

అరచెయ్యి అడ్డం పెట్టాను. టక్కుమంది.

ఒక్కడే పోయాడు.

23 జూన్

సుజాత చెప్పింది. గుండు ఫోటోలు నిజంగానే తీసేశాడంట. కొత్తది ఎక్కించాడు. నా అరచెయ్యి. 'మా నాయన ఆశీర్వాదం' అని కింద రాశాడంట. కువైట్ వాళ్లకు అదీ బాగుందంట.

పాప విని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ఆగి...

"అబ్బా, ఇప్పుడు పోవచ్చా?"

ఆ ఫోన్ ఇంకా వాడి జేబులోనే ఉంది. సంచి సర్దలేదు.