గొర్రె పడుగు

దాజీ పేట్, షోలాపూర్. 1937, శనివారం రాత్రి.

నూలు సేఠ్ ఎన్నికల్లో నిలబెట్టిన మనిషికి ఓటు వేసేవాళ్ళంతా గొర్రెలని నిన్న మా ఎర్రజెండా సభలో అన్నాను. చప్పట్లు కొట్టారు. ఈ పొద్దున అక్కయ్య ఇంటి ముందు వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు దారాలు పరిచి గంజి పెడుతున్నారు. ఎప్పటిలాగే నేనూ కుంచె అందుకోబోయాను. బావ నా చేయి పట్టుకుని ఆపాడు.

"గొర్రె పడుగు నీకెందుకు బామ్మర్దీ? దూరముండు."

"సేఠ్ నీ నెత్తురు తాగుతుండు బావా!"

"ఖరే, తాగుతుండు. నాకెర్కలేదా? ఆయన బంద్ జేస్తే నూలు ఎవలిస్తరు, నువ్విస్తవా? మీరంతా రష్యా పైసల్ తింటరని మావోళ్ళంటే, నా బామ్మర్ది అసొంటోడు కాదని కొట్లాడిన. నువ్వేమో నన్ను గొర్రెను జేస్తివి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్కయ్య తలెత్తలేదు. ఎండకు గంజి బిగుసుకుపోతోంది, ఒక చేయి తక్కువైంది, అయినా నన్ను పిలవలేదు.

సేఠ్ దోపిడీ గురించి నేనన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు చూపించమనండి! నాకింకా మండుతూనే ఉంది. కానీ అక్కయ్య ఇంటికి రేపు ఏ మొహంతో వెళ్ళను?

రేపు మళ్ళీ సభ. గొర్రెలనే మాట కొట్టేసి, ఉపన్యాసం మొదటి నుంచి చదివాను. నూలు ఎవరిస్తారో అందులో ఎక్కడా లేదు.