చెక్కపలక బదిలీ విషయమై

అన్నా,

నీవు మరణించావన్న సాంకేతిక ఇబ్బందిని పక్కనబెట్టి ఈ సమాచారం పంపుతున్నాను. మిషనరీ దొరలు స్థాపించిన మన హాస్టల్ బడి నిన్న వార్షికోత్సవం జరుపుకుంది.

నీవు మోసిన చెక్కపలకను అద్దాల పెట్టెలో పెట్టారు. ఇంగ్లిషు తప్ప వేరే భాష మాట్లాడినవాడు దాన్ని మెడలో వేసుకోవాలి. మళ్ళీ అదే తప్పు చేసే మరొకణ్ణి పట్టిచ్చి వాడికి తగిలించాలి. ఇదీ సంప్రదాయం. నీవు ఎవరినీ పట్టివ్వలేదు. మోసి మోసి, ఒకరోజు దాన్ని గేటుకు తగిలించి మగ్గాల కార్ఖానాలో చేరావు. పెట్టె మీద మాత్రం "ప్రేమతో నేర్పిన క్రమశిక్షణ" అని రాశారు.

మన మగ్గాల బస్తీ అమ్రోలి నుంచి వచ్చిన అమ్మ దాన్ని చూసి, "గిదేనారా పిలగాని మెడల ఏసింది? గొడ్డుకు గూడ గింత బరువు కట్టరు గదరా," అంది. పక్కనున్న పూర్వ విద్యార్థులు సంస్కారవంతంగా మొహాలు తిప్పుకున్నారు.

సంప్రదాయాల గొప్పదనాన్ని ప్రిన్సిపాల్ గారు ఇంగ్లిషులో వివరిస్తుండగా మైకు ఆగింది. "ఏ భాయ్, చాలూ కర్ నే!" అని, మైకు మళ్ళీ పెట్టమంటూ, ఆయన గుజరాతీలో అరిచారు.

నిబంధనలో పదవులకు మినహాయింపు లేదు. కనుక పెట్టె తెరిచి, వేదికెక్కి, పలకను వారి మెడలో సగౌరవంగా వేశాను. వారు నవ్వలేదు. మమ్మల్ని బయటికి పంపించారు.

ఆటోలో అమ్మ అడిగింది: "గా సారు గిప్పుడు ఎవల్ని పట్టిస్తడురా?"

పలక చేతులు మారినందున, నిన్నటి నుంచి నీ మెడ ఖాళీ అయినట్టుగా గ్రహించగలవు.

నీ తమ్ముడు